బోరు నీళ్లు టీ రంగులో వస్తున్నాయి.. కాచి తాగితే సరిపోతుందా?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. అమ్మానాన్నలు ఊళ్లో వ్యవసాయం చేస్తారు. దగ్గర్లోని ఇథనాల్ ఫ్యాక్టరీ నుంచి ట్యాంకర్లతో నల్లటి నీళ్లు తెచ్చి, ఎరువుగా పనికొస్తాయంటూ ఏడాదిగా పొలాల్లో వదులుతున్నారు. ఇప్పుడు మా బోరు నీళ్లు టీ రంగులో, కుళ్లిన గుడ్ల వాసనతో వస్తున్నాయి. అమ్మకు 62 ఏళ్లు, కిడ్నీ సమస్య ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. నాన్నకు కాళ్ల దురద. పురిటికి వచ్చిన చెల్లి మూడు నెలల బిడ్డతో అక్కడే ఉంది. నీళ్లు కాచి తాగొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. కాచితే క్రిములు చస్తాయి గానీ లవణాలు, నైట్రేట్ ఎక్కడికీ పోవు, పైగా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. తాగడానికి, వంటకు ఆ నీళ్లు ఈ రోజే ఆపేయండి.

అన్నిటికంటే ముందు బిడ్డ సంగతి. తల్లిపాలే తాగుతుంటే టెన్షన్ పడకండి. డబ్బాపాలు కలుపుతుంటే మాత్రం ఆ నీళ్లు చుక్క కూడా వాడొద్దు, ఎందుకంటే నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆరు నెలల్లోపు పిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. పెదాలు, గోళ్లు నీలంగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) నుంచి లీటరు ఆల్కహాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల స్పెంట్‌వాష్ అనే వ్యర్థ ద్రవం మిగులుతుంది. మీరు చెప్పిన నల్లనీళ్లు బహుశా అవే. అందులో పొటాషియం దండిగా ఉంటుంది. ఆ వ్యర్థాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో కాల్చగా మిగిలిన బూడిదతో పొటాష్ ఎరువు కూడా చేస్తున్నారు. అంటే ఎరువు అనే మాట అబద్ధం కాదు, బయోగ్యాస్ తీసి, ప్రెస్‌మడ్‌తో (చెరకు రసం వడకట్టగా మిగిలే పిప్పి మట్టితో) కలిపి కంపోస్ట్ చేసి, మోతాదు చూసి వేస్తే పొలానికి మంచిదే. పచ్చి స్పెంట్‌వాష్‌ను ట్యాంకర్లకు ట్యాంకర్లు ఒకే నేలలో గుమ్మరించడం వేరు. అది పుల్లటి ద్రవం, దాని సేంద్రియ భారం, అంటే కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను తినేసే పదార్థం, ఇంటి డ్రైనేజీ నీటికి వంద రెట్ల పైమాటే. నేల ఉప్పుబారుతుంది, లోపలికి ఇంకింది బోర్లలోకి చేరుతుంది, వానకు గెడ్డలో కలిస్తే ఆక్సిజన్ అందక చేపలు తేలిపోతాయి.

అమ్మగారికి కిడ్నీలు బలహీనం, టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మందే, కాబట్టి ఆ నీళ్లు ఆవిడకు రెండు విధాలా చెరుపు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఈ వారంలోనే సీరం పొటాషియం, క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించండి, విశాఖ కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లోనూ చేస్తారు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

నాన్నగారి దురదకు నీళ్లే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఆ తడిలో ఒట్టి కాళ్లతో తిరిగితే చర్మం రేగడం మామూలే, గమ్‌బూట్లు వేసుకుని, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడుక్కుని కొబ్బరినూనె రాయమనండి. రాత్రుళ్లు ఎక్కువై, ఇంట్లో మిగతావాళ్లకీ మొదలైతే గజ్జి అనుకోవాలి, దానికి మందు వేరు.

మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ఆ గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అందుకే వాసన తగ్గిందని ఆ వ్యర్థం నిల్వచేసిన గుంతలోకో, పాత బావిలోకో పూడిక తీయడానికి ఎవరూ దిగొద్దు. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగి ఇద్దరూ పోతారు. ఫైర్ సర్వీసుకు 101కి ఫోన్ చేయండి.

నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇచ్చి నైట్రేట్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), సల్ఫేట్, ఐరన్, కోలిఫాం (మలం కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా) చూడమనండి, పొటాషియం కూడా చూస్తారేమో అడగండి. రంగు ఒక్కోసారి ఐరన్ వల్లా వస్తుంది, అది తేలాలి. ట్యాంకర్ నంబరు, తేదీ ఉన్న ఫొటోలు, ల్యాబ్ రిపోర్టు జతచేసి కాలుష్య నియంత్రణ మండలి విశాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇరుగుపొరుగు బోర్ల నీళ్లూ అలాగే ఉంటే అందరూ కలిసి సంతకాలు పెట్టండి.