వేలు వదిలితేనే బ్రేక్

చెల్లీ,

అబ్బాయి పంపిన బ్యాటరీ స్కూటర్, అదే నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే మొబిలిటీ స్కూటర్, వచ్చిందనీ, డబ్బా విప్పి హాల్లో పెట్టుకుని మూడు రోజులుగా దాన్ని చూస్తూ కూర్చున్నావనీ నిన్న ఫోన్‌లో చెప్పావు. మరిదిగారేమో "ఇందులో ఏముంది, కూర్చుని నొక్కడమేగా" అన్నారట. నాలుగేళ్లుగా ఈ బండి మీదే తిరుగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నా. నొక్కడానికి ఏమీ నేర్చుకోనక్కర్లేదు, నేర్చుకోవాల్సింది వదలడం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. మరిదిగారితో కూడా చదివించు.

సైకిలుకైనా, మోటార్ సైకిలుకైనా బ్రేక్ అంటే పట్టి నొక్కేది. దీనికి అలా కాదు. హ్యాండిల్ దగ్గర వేలికి అందేలా ఒక లీవర్ ఉంటుంది. నొక్కితే బండి కదులుతుంది. వేలు తీస్తే మోటార్ ఆగి, బ్రేక్ దానంతట అదే పడుతుంది. వినడానికి ఎంతో తేలిక. కానీ భయమేస్తే మనం ఏం చేస్తాం? చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాం. బండి కొన్న మొదటి నెలలో నాకు అదే జరిగింది. సాయంత్రం మా వీధిలో వెళ్తుంటే ఆగి ఉన్న కారు కింద నుంచి ఒక కుక్క చటుక్కున బయటికొచ్చింది. "అమ్మో" అంటూ హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను. లీవర్ కూడా ఆ పిడికిట్లోనే ఉంది. ఆగాల్సిన బండి ముందుకే దూకి ఎదురింటివాళ్ల మెట్టుకు కొట్టుకుంది. మోకాలికి దెబ్బ తగిలి మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. బండి తప్పేమీ లేదు. నా చెయ్యే నా మాట వినలేదు.

అందుకే నువ్వు రోడ్డు సంగతి పక్కన పెట్టి, ముందు నీ చేతికి నేర్పు. స్పీడ్ తిప్పే మీట మీద తాబేలు బొమ్మ, కుందేలు బొమ్మ ఉంటాయి చూడు. తాబేలు దగ్గరే ఉంచు. మీ అపార్ట్‌మెంట్ ముందు ఖాళీ స్థలంలో మరిదిగారు నీ పక్కన నడుస్తూ, చెప్పాపెట్టకుండా చప్పట్లు కొట్టాలి. చప్పుడు వినగానే నువ్వు వేళ్లన్నీ విప్పెయ్యాలి. అరచెయ్యి ఆయనకు కనపడాలి. రోజుకు పావుగంట చొప్పున పది రోజులు చెయ్యి. వేలు తీసిన చోటే బండి నిలిచిపోదు, కాస్త ముందుకు వెళ్లి ఆగుతుంది. స్పీడ్ పెరిగేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. ఎంత దూరమో నీ కంటికి అలవాటు కావాలి.

ఇంకో సంగతి. "లైట్ వెయిట్" అని అబ్బాయి ముచ్చటపడి కొన్నాడు. మడిచి కారు డిక్కీలో పెట్టుకోవడానికి అది మంచిదే. కానీ ఆ బండి పాతిక కిలోలు, నువ్వు అరవై ఎనిమిది. నువ్వు ఎటు ఒరిగితే బండి అటే వస్తుంది. కింద పడిన కళ్లజోడు కోసం పక్కకు వంగడం, హ్యాండిల్ పట్టుకుని లాగి పైకి లేవడం రెండూ చెయ్యకు. దిగేటప్పుడు ముందు కీ ఆఫ్ చెయ్యి. పాదాలు రెండూ నేల మీద ఆనించి, సీటు చేతుల మీద బరువు వేసి లే. ఎక్కేటప్పుడూ అంతే, సర్దుకుని కూర్చున్నాకే కీ తిప్పాలి. కీ ఆన్‌లో ఉండగా మోచెయ్యి లీవర్‌కు తగిలినా బండి కదులుతుంది. హ్యాండ్‌బ్యాగ్ హ్యాండిల్‌కు తగిలించొద్దు, ముందు బుట్టలో పెట్టుకో. సీటు వెనక కూరగాయల సంచీ వేలాడదీస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేచి బండి వెనక్కి ఒరుగుతుంది. మనవరాలు ఒళ్లో కూర్చుంటానని ఏడ్చినా కూర్చోబెట్టుకోకు.

చీర గురించి కంపెనీ పుస్తకంలో ఉండదు, నేనే చెప్పాలి. కొంగు వదిలేస్తే గాలికి వెనక చక్రం మీదికి వెళ్తుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగిందంటే కొంగుతో పాటు మనల్నీ లాగేస్తుంది. కొంగు ముందుకు తిప్పి బొడ్లో గట్టిగా దోపుకో. కూర్చున్నాక కుచ్చిళ్లు ఎడమచేత్తో ఎత్తి మోకాళ్ల మధ్యకు తెచ్చుకో. అంచు కాళ్లు పెట్టుకునే పలక దాటి వేలాడకూడదు. పట్టుచీర అయితే జారుతుంది, ఒక పిన్నీసు పెట్టు. చున్నీ వేసుకున్నా ఇదే జాగ్రత్త. నేను బయల్దేరే ముందు ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు కిందికి చూసుకుంటాను. ఇప్పటికీ మానలేదు.

ఏటవాలు దగ్గర నాకు ఇప్పటికీ భయమే, నీకూ ఉండాలి. బండి వెనక మోటార్ దగ్గర ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పితే బండి న్యూట్రల్‌లోకి వెళ్లి చేత్తో నెట్టడానికి వీలవుతుంది. అప్పుడు బ్రేక్ అస్సలు ఉండదు. ఒకరోజు మా వాచ్‌మన్ పాపం సాయం చేద్దామని అలా నెట్టుకొచ్చి సెల్లార్ ర్యాంప్ మొదట్లో నిలిపాడు. మీట వెనక్కి తిప్పాలని అతనికి తెలియదు. ఎక్కుదామని నేను సీటు మీద చెయ్యి వేశానో లేదో బండి జారుకుంటూ కిందికి పోయి స్తంభానికి గుద్దుకుంది. అప్పటికే నేను కూర్చుని ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కే ముందు ఆ మీట చూడు, బండిని ఒకసారి చేత్తో నెట్టి చూడు. కదిలిందంటే ఎక్కొద్దు.

సెల్లార్ ర్యాంపులు కార్ల కోసం కట్టినవి, మనకు పనికిరావు. వీల్‌చైర్ ర్యాంప్ అయితే అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మీ అపార్ట్‌మెంట్ మెట్ల పక్కన ర్యాంప్ ఉందన్నావుగా, మరిదిగారిని టేపు పెట్టి కొలవమను. ఎక్కేటప్పుడు కాస్త ముందుకు వంగు, దిగేటప్పుడు వీపు సీటుకు ఆనించు. తిన్నగా ఎక్కి తిన్నగా దిగు. ఏటవాలు మధ్యలో బండి తిప్పితే పక్కకు పడుతుంది. నీది మూడు చక్రాలదైతే మలుపుల దగ్గర ఇంకా నెమ్మదిగా వెళ్లాలి.

స్పీడ్ బ్రేకర్లకూ అదే లెక్క. వాలుగా ఎక్కితే ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతుంది. ఎదురుగా, తాబేలు స్పీడ్‌లో దాటు. మరీ ఎత్తుగా ఉంటే బండి అడుగు భాగం దానికి తగులుతుంది, దిగి నడిపించుకో. లిఫ్ట్ గుమ్మంలో సందు కూడా తిన్నగానే దాటాలి, లేకపోతే ముందు చక్రం ఇరుక్కుంటుంది. మెయిన్ రోడ్డు మాత్రం వద్దు. మనం కూర్చున్న ఎత్తుకు రివర్స్ చేసే కారువాడికి కనపడం. సైకిల్ షాపులో పొడుగు కడ్డీకి ఎర్ర జెండా ఒకటి కట్టించుకో.

వాన నీళ్లు నిలిచిన చోట అడుగు లోతే కదా అనుకోకు. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైకి తెలియదు. నీళ్లు మోటార్‌లోకి వెళ్తే బండి నడివీధిలో ఆగిపోతుంది. వాన పడే సూచన ఉంటే ఇంట్లోనే ఉండు.

చార్జింగ్ మేలుకుని ఉన్నప్పుడే పెట్టు. రాత్రి పెట్టి పడుకోవద్దు, వీధి గుమ్మం దగ్గర అసలు పెట్టొద్దు. ఏదైనా జరిగితే బయటపడే దారి అదే కదా. బండితో వచ్చిన చార్జరే వాడు. ఎండలో తిరిగొచ్చి బ్యాటరీ వేడిగా ఉంటే చల్లారనివ్వు. ఉబ్బినా, వాసన వచ్చినా ముట్టుకోకుండా సర్వీస్ వాళ్లకు ఫోన్ చెయ్యి. ఇన్ని కిలోమీటర్లు వస్తుందని డబ్బా మీద రాసినదాంట్లో సగమే నమ్ముకుని బయల్దేరు.

ఆ నిద్రమాత్ర వేసుకున్న మర్నాడు పొద్దున్న బండి ఎక్కకు. నీకు షుగర్ పడిపోయే అలవాటు ఉంది కాబట్టి బుట్టలో గ్లూకోజ్ పొడి, ఫోన్ ఎప్పుడూ ఉండాలి.

వేసవిలో అబ్బాయి దగ్గరికి వెళ్లేటప్పుడు బండి కూడా తీసుకెళ్తానన్నావు. టికెట్ తీసుకున్నప్పుడే ఎయిర్‌లైన్‌కు చెప్పి ఒప్పించుకోవాలి. ఊడదీసే లిథియం బ్యాటరీ అయితే తీసి నీతోపాటు క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. ఒకటే బ్యాటరీ ఉంటే 300 వాట్ అవర్స్ దాటకూడదు. బ్యాటరీ మీద 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్స్ అని ఉంటే రెండూ గుణించు, 240 వస్తుంది, సరిపోతుంది. ఆ అంకెలున్న స్టిక్కర్ చిరగకుండా చూసుకో.

వీధి చివర గుడికి వెళ్లి ఏడాదైందని అన్నప్పుడు నీ గొంతు పూడుకుపోయింది. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పది రోజులు అయ్యాక సాయంత్రం వీడియో కాల్ చెయ్యి. మరిదిగారు చప్పట్లు కొట్టాలి, నీ అరచెయ్యి నాకు కనపడాలి. గుడికి ఎప్పుడు బయల్దేరాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
అక్క