ముందు ఆ 2,000 ప్యాకెట్ల ఆర్డరు సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తిరుపతిలో ఇంట్లోనే నిప్పట్లు, చెనిక్కాయల పొడి చేసి ఆరేళ్లుగా అమ్ముతున్నాను. నెలకు 70 వేల అమ్మకం ఉంది, ఖర్చులు పోను 22 వేలు మిగులుతుంది. మావారిది రేణిగుంట దగ్గర ప్రైవేటు ఉద్యోగం, ఇంకా ఐదేళ్ల సర్వీసు. పాప ఇంజనీరింగు రెండో ఏడాది పూర్తి చేసింది. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. 'శ్రీవారి రుచులు' అని బ్రాండ్ పెట్టి, 6 లక్షలతో మామిడి తాండ్ర యంత్రాలు కొనాలని ఉంది. మా మరిది 10 లక్షలు పెడతానంటున్నాడు గానీ 40 శాతం వాటా అడుగుతున్నాడు. నాకది ఇష్టం లేదు. ఒక డిస్ట్రిబ్యూటరు 45 రోజుల అప్పు మీద, ప్యాకెట్ 65 రూపాయల చొప్పున నెలకు 2,000 నిప్పట్ల ప్యాకెట్లు తీసుకుంటానంటున్నారు. బయటివాళ్ల డబ్బు లేకుండా ఈ వయసులో నెగ్గుకు రాగలనా?

జవాబు: రాగలరు. మీ ఉత్తరం చదివాక నాకు టెన్షన్ పుట్టించింది మరిది వాటా కాదు, ఆ డిస్ట్రిబ్యూటరు ఆర్డరు.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఖర్చుల లెక్కే తీసుకుందాం. 200 గ్రాముల ప్యాకెట్‌కు పిండి, పప్పులు, నూనె కలిపి 31 రూపాయలు. కవరు, స్టిక్కరు 7. గ్యాసు, కరెంటు 5. సాయానికి వచ్చే ఇద్దరి కూలి 12. ఆటో 4. విరిగినవి, మెత్తబడినవి 3. మొత్తం 62. ఇంటి దగ్గర 90కి అమ్మితే 28 మిగులుతుంది. డిస్ట్రిబ్యూటరుకు 65కి ఇస్తే మిగిలేది 3 రూపాయలు. 2,000 ప్యాకెట్లకు నెలకు 6 వేలు. ఆయన డబ్బు 45 రోజులకు గానీ రాదు కాబట్టి, మొదటి రూపాయి చేతికొచ్చేలోపు మీ సొంత డబ్బు లక్షా 86 వేలు బయట తిరుగుతుంటుంది. ఆయన ఒక నెల ఆలస్యం చేస్తే అది 3 లక్షలు దాటుతుంది. సగం అడ్వాన్సు, మిగతాది 15 రోజుల్లో అంటే, రేటు కూడా కాస్త పెంచితే, 300 ప్యాకెట్లతో మొదలుపెట్టండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. నమస్కారం చెప్పి పంపడం మన ఊళ్లలో మొహమాటమే గానీ, మొహమాటానికి వడ్డీ ఎక్కువ.

ఆ 22 వేల లాభంలో మీ జీతం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మూకుడు ముందు నిలబడే మనిషిని పెట్టుకోవాలంటే నెలకు 14 వేలైనా ఇవ్వాలి. అది తీసేస్తే వ్యాపారం సంపాదిస్తున్నది 8 వేలే. ఈ నెల నుంచి ఆ 14 వేలు వేరే ఖాతాలో వేసుకోండి. 55 ఏళ్లు వచ్చాక మోకాళ్లు సహకరించకపోతే మీ స్థానంలో మరొకరిని పెట్టుకునే స్తోమత వ్యాపారానికి ఉందో లేదో అలా చేస్తేనే తెలుస్తుంది.

ఇక ఎఫ్‌డీ. ఆ లెక్కలోనే ఇంటి ఖర్చు నెలకు 35 వేలన్నారు, ఆరు నెలలకు 2 లక్షల 10 వేలు. పాప ఫీజులు మిగిలిన రెండేళ్లకు 2 లక్షల 40 వేలు. ఆసుపత్రికీ అనుకోని ఖర్చులకూ లక్షన్నర. ఇవి పక్కన పెడితే 3 లక్షలు మిగులుతాయి. వ్యాపారానికి అంతే. మీవారి పీఎఫ్, గ్రాట్యుటీల వైపు కన్నెత్తి చూడకండి.

కాబట్టి తాండ్ర యంత్రాలు ఇప్పుడు వద్దు. 2025లో మన జిల్లాలో తోతాపురి మామిడి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలపాల్సి వచ్చింది. కాయ చవగ్గా దొరుకుతుంది కదా అనిపిస్తుంది. కానీ జూన్, జులైలలో డబ్బంతా పెట్టి, ఏడాదంతా కొంచెం కొంచెంగా రాబట్టుకోవాలి. నిప్పట్ల డబ్బు వారంలో తిరిగొస్తుంది. అప్పు లేకుండా పెరగాలనుకునేవాళ్లకు ఇలా వారంలో తిరిగొచ్చే సరుకే పెట్టుబడిదారు. రెండేళ్లు ఆగి కొనేటట్లయితే, సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు, అదీ బ్యాంకు రుణంతో ముడిపెట్టి. అప్పటికి దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఉచితం, ఏజెంటుకు డబ్బులివ్వకండి.

మరిది విషయం. ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారంలో వాటా అనేదే ఉండదు. ఇవ్వాలంటే భాగస్వామ్య సంస్థో, కంపెనీయో పెట్టాలి. మామూలు భాగస్వామ్యంలో వ్యాపారం కోసం ఎవరు చేసిన అప్పుకైనా ఇద్దరి ఆస్తులూ పూచీ. ఆ మాట చెప్పి మర్యాదగా తప్పుకోండి, పండక్కి ఎదురుపడాల్సిన మనుషులు.

పేరు మార్చండి. 'శ్రీవారి' అని తిరుపతిలో వీధికో బోర్డుంది. ఆ మాట మీ ఒక్కరిదే అనిపించుకోవడం కష్టం. తిరుపతి లడ్డుకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది టీటీడీది. జనం మీ సరుకును ఇప్పటికే ఏమని అడుగుతున్నారో గమనించి ఆ పేరే పెట్టండి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేస్తే సరుకుల ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు ఉంటుంది. కవర్లు మాత్రం తొందరపడి ప్రింటు వేయించకండి. మా అన్నయ్య అప్పడాల వ్యాపారంలో రేటు తగ్గుతుందని నేనే 50 వేల కవర్లు వేయించాను. ఆరు నెలలకే అడ్రసు మారింది. ఆ కట్టలు ఇప్పటికీ మిద్దె మీది గదిలో ఉన్నాయి. సాదా కవరు, మీద స్టిక్కరు చాలు.

చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే కొరియర్ ఆర్డర్ల మీద దృష్టి పెట్టండి. ప్యాకెట్‌కు 90 రూపాయలు ముందే వస్తుంది, కొరియర్ ఖర్చు వాళ్లదే. అయితే వేరే రాష్ట్రానికి సరుకు పంపితే టర్నోవరు ఎంతైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ప్యాక్ చేసిన చిరుతిళ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి భారం పెద్దగా ఉండదు.

వయసు గురించి అడిగారు. మీ పక్కనే ఉన్న బ్యాటరీల కంపెనీ అమర రాజాను గల్లా రామచంద్రనాయుడు అమెరికా నుంచి వచ్చి 1985లో పెట్టేనాటికి ఆయనకు నలభై ఐదు దాటాయి. ఆయనకు బ్యాంకులు, తర్వాత విదేశీ భాగస్వామి తోడయ్యారు, మీతో పోలిక కాదు. కానీ ఇంటింటికీ తెలిసిన వాళ్ల అమరాన్ బ్యాటరీ పేరు బయటికొచ్చింది 2000లో. మీకు ఇప్పటికి ఆరేళ్లే అయింది.

రెండు నెలల కొరియర్ ఆర్డర్ల లెక్క, విరిగిపోయి తిరిగొచ్చినవాటితో సహా, రాసి పంపండి. తాండ్ర మాట అప్పుడు మళ్లీ ఎత్తుదాం.