కొలతలకు ముందు కాసేపు కబుర్లు

గుంటూరు

అమ్మలూ,

విజయవాడలో ఉద్యోగంలో చేరావనీ, కంటి ఆపరేషన్లకు ముందు పరీక్షలు చేసే పని ఇచ్చారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. మిషన్ల సంగతి నీకు కాలేజీలోనే నేర్పి ఉంటారు. పేషెంటుని దాని ముందు కూర్చోబెట్టే లోపు ఏం అడగాలో నేను చెప్తాను.

రాత్రిళ్లు బెంజి సర్కిల్ మీదుగా ఆటో నడిపే మనిషి వచ్చాడనుకో. చీకటి గదిలో చార్టు మీద 6/9 వరస దాకా, అంటే దాదాపు మామూలు చూపున్నవాడిలా, చదివేస్తాడు. "ఇంకొన్నాళ్లు ఆగండి" అని పంపేయకు. ఎదురుగా లైటు వేసి మళ్లీ చదివించు. లెన్స్ వెనకవైపు శుక్లం ఉంటే, హెడ్‌లైట్ వెలుగు పడగానే చూపు పడిపోతుంది. అలాంటివాళ్లు దూరానికీ దగ్గరకీ పనికొచ్చే మల్టీఫోకల్ లెన్స్ అడిగితే, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనపడొచ్చని ముందే చెప్పు.

మా మిర్చి యార్డు వాళ్లదింకో రకం. ఘాటుకి కళ్లు మండితే మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు కొని నెలల తరబడి వేసుకుంటారు. అడిగితే "ఏమీ వాడట్లేదండీ" అంటారు. సీసా తెచ్చి చూపించమను. అందులో స్టీరాయిడ్ ఉందంటే, శుక్లంతో పాటు కంట్లో ప్రెషర్ కూడా పెరిగి ఉండొచ్చు.

పెద్దాయన కోడలితో వస్తే, ఆమెను కాసేపు బయట కూర్చోమని ప్రోస్టేట్ మాత్రల గురించి అడుగు. ఆమె ముందు చెప్పడు మరి. వాటిలో టామ్సులోసిన్ అనేది వాడేవాళ్లకి ఆపరేషన్లో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వదులైపోతుంది, కంటిపాప ముడుచుకుపోతుంది. మాత్ర ఆపేసినా ఆ ముప్పు పూర్తిగా పోదు. అందుకే కేస్‌షీట్ పైనే ఎర్ర ఇంకుతో రాసెయ్యి.

ఇక కొలతలు. కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వంపు కొలిచే కెరటోమీటర్ ముందు, మొద్దుబార్చే చుక్కలూ, కంటి పొడవు కొలిచే ఎ-స్కాన్ ప్రోబూ తర్వాత. ఎ-స్కాన్ ప్రోబ్ కాస్త నొక్కుకున్నా కన్ను పొట్టిగా కనపడుతుంది. పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడాకి పెట్టాల్సిన లెన్స్ పవర్ రెండున్నర, మూడు డయాప్టర్లు మారిపోతుంది, తెలుసుగా. రెండు కళ్లకీ పొడవు 0.3 మిల్లీమీటర్లు మించి తేడా వస్తే మళ్లీ తియ్యి. కన్ను పొడిబారి కెరటోమీటర్లో కనపడే రింగులు చెదిరిపోతుంటే మందిచ్చి ఇంకోరోజు రమ్మను. "మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చామమ్మా, ఇవాళే కానిచ్చెయ్" అని బతిమాలతారు. మనసు కరుగుతుంది గానీ, కరగనివ్వకు.

అద్దాలు అక్కర్లేకుండా లేజర్‌తో చేసే లాసిక్‌కి వచ్చే కుర్రకారుతోనే అసలు టెన్షన్. నెలలో పెళ్లి, అద్దాలు తీసేయాలంటారు. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లయితే, మెత్తటివి కనీసం వారం రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ రోజులు మానాకే టొపోగ్రఫీ, అంటే కార్నియా వంపుల మ్యాపు, తియ్యాలి. ఏడాదిగా పవర్ మారలేదని పాత చీటీలు చూపించాలి. కళ్లు నలుపుకునే అలవాటుందా అని కూడా అడుగు. మాట్లాడుతూనే నలుపుకుంటుంటే అడగక్కర్లేదు. కార్నియా పలచగా ఉన్నా, అది శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనుమానం వచ్చినా వెంటనే డాక్టర్ దృష్టికి తీసుకెళ్లు. ముహూర్తం దగ్గరపడిందని నువ్వు కంగారు పడొద్దు.

లాసిక్ చేయించుకున్నవాళ్లకి ఆపరేషన్ ముందరి కొలతలన్నీ కాగితం మీద రాసిచ్చి, ఫోన్లో ఫోటో కూడా తీసుకోమను. రేపు వయసు మీదపడి శుక్లం వస్తే లెన్స్ పవర్ లెక్క కట్టడానికి అవి పనికొస్తాయి.

మీ మావయ్య