కప్పు జట్టుదా, ఊరిదా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది ఆర్‌సీబీ, సగం మంది హైదరాబాద్. హైదరాబాద్‌కు రెండు ఐపీఎల్ కప్పులని మేమంటాం, ఒకటేనని వాళ్లంటారు. 2009లో దక్కన్ ఛార్జర్స్ గెలిచింది సన్‌రైజర్స్ ఖాతాలో పడదా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పడదు. ఊరికి రెండు, జట్టుకు ఒకటి. మీ రెండు వర్గాలూ వేర్వేరు లెక్కలు చెబుతున్నాయి, అంతే.

2009 ఫైనల్ జొహన్నెస్‌బర్గ్‌లో జరిగింది. దక్కన్ ఛార్జర్స్ 143 చేస్తే బెంగళూరు 137 దగ్గర ఆగింది. కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసినా 6 పరుగుల తేడాతో కప్పు చేజారింది. 2012 సెప్టెంబర్‌లో ఛార్జర్స్ ఒప్పందాన్ని బీసీసీఐ రద్దు చేసింది. ఆ తర్వాత హైదరాబాద్ పేరిట కొత్తగా టెండర్ పిలిస్తే అక్టోబర్‌లో చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ దక్కించుకుంది. అంటే సన్ టీవీ కొన్నది ఛార్జర్స్ కంపెనీని కాదు, హైదరాబాద్ నుంచి ఒక జట్టును నడిపే హక్కును. అందుకే సన్‌రైజర్స్ లెక్క 2013 నుంచి మొదలవుతుంది. వాళ్ల కప్పు 2016లోది. అదీ మీ ఊళ్లోనే, చిన్నస్వామి స్టేడియంలో, ఆర్‌సీబీ మీదే, 8 పరుగుల తేడాతో. మీ పొరుగువాళ్లు ఈ విషయంలో అంత పట్టుగా ఎందుకుంటారో అర్థం చేసుకోవచ్చు.

సంగక్కర, స్టెయిన్ లాంటివాళ్లు ఛార్జర్స్ నుంచి సన్‌రైజర్స్‌కు వచ్చారు కదా అని కొందరు వాదిస్తారు. ఆటగాళ్లు వచ్చినంత మాత్రాన చరిత్ర వెంట రాదు. యజమాని ఒకరే అయినా రాదు: పుణెలో 2016, 2017ల్లో ఆడిన రైజింగ్ పుణె జట్టు, 2022లో వచ్చిన లక్నో సూపర్ జెయింట్స్ ఒకే యజమానివి, పేర్లు కూడా దగ్గరివే. అయినా 2017 ఫైనల్లో పుణె ఒక్క పరుగుతో ఓడిన బాధ లక్నో పుస్తకంలో ఉండదు. రాష్ట్రం పేరూ గ్యారంటీ కాదు, గుజరాత్ లయన్స్ మ్యాచ్‌లు గుజరాత్ టైటాన్స్‌వి కావు. చూడాల్సింది ఒక్కటే: లీగ్‌తో ఉన్న ఒప్పందం తెగిందా, కొనసాగిందా? ఢిల్లీ డేర్‌డెవిల్స్‌లో సగం వాటా చేతులు మారింది, పేరు ఢిల్లీ క్యాపిటల్స్ అయింది, కానీ ఒప్పందం తెగలేదు. కాబట్టి 2008 నుంచి ఉన్న గెలుపు ఓటములన్నీ దానివే.

ప్రశ్న: ఆర్‌సీబీ పేరు చివర బ్యాంగ్లోర్ పోయి బెంగళూరు వచ్చింది. క్విజ్‌లో పాత మ్యాచ్‌ల గురించి అడిగితే ఏ పేరు రాయాలి?
– ఒక విద్యార్థిని, జయనగర్

జవాబు: మ్యాచ్ జరిగిన నాటి పేరు రాయండి. నగరం పేరు అధికారికంగా 2014 నవంబర్ 1న మారింది, జట్టు మాత్రం 2024 మార్చిలో మార్చుకుంది. 2016 ఫైనల్ ఆడింది రాయల్ ఛాలెంజర్స్ బ్యాంగ్లోర్, 2025 జూన్ 3న కప్పు ఎత్తింది రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు. జట్టు మాత్రం ఒకటే.

ప్రశ్న: 2022లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. విదేశాల్లో ఇలా జరిగితే ఊరికి ఏమైనా మిగులుతుందా?
– ఒక అభిమాని, వైట్‌ఫీల్డ్

జవాబు: ఊరు పట్టుబడితే మిగులుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2019లో పుణె సిటీ జట్టు మూతపడ్డాక ఆ స్థానంలో వచ్చిందే. విజేతల పట్టికలో 2022 పక్కన హైదరాబాద్ పేరే ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ పేరు, రంగులు, రికార్డులు ఊళ్లోనే ఉండాలంటే జట్టు కదలకముందే రాతపూర్వకంగా అడగాలి.

అలా అడిగి సాధించుకున్న ఊరు అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్. 1995 నవంబర్‌లో అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తీసుకెళ్తున్నట్టు ప్రకటించాడు. స్టేడియం లీజుకు ఇంకా గడువుంది. ఊరి చేతిలో ఉన్న ఆయుధం అదే, దాన్ని పట్టుకుని నగరపాలక సంస్థ కోర్టుకెక్కింది. 1996 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆటగాళ్లు, ఒప్పందాలు మోడెల్ వెంట వెళ్లాయి. బ్రౌన్స్ అన్న పేరు, రంగులు, పాత రికార్డులు క్లీవ్‌ల్యాండ్‌లో ఉండిపోయాయి. బాల్టిమోర్‌కు వెళ్లినవాళ్లు రేవెన్స్ అనే కొత్త పేరుతో, సున్నా నుంచి లెక్క మొదలుపెట్టారు. మూడేళ్లు జట్టు లేకుండా ఉన్న క్లీవ్‌ల్యాండ్‌కు 1999లో బ్రౌన్స్ తిరిగొచ్చింది. లీజు గడువు తీరిపోయి ఉంటే ఇంత దక్కేది కాదన్నది మా నమ్మకం.

షార్లెట్ సంగతి వేరు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు హార్నెట్స్ 2002లో పేరుతో సహా న్యూ ఓర్లీన్స్‌కు వెళ్లిపోయింది. 2004లో షార్లెట్‌కు బాబ్‌క్యాట్స్ అనే కొత్త జట్టు వచ్చింది గానీ ఆ పేరు ఊరికి అతకలేదు. న్యూ ఓర్లీన్స్ 2013లో పెలికన్స్‌గా మారి హార్నెట్స్ పేరును వదిలాక, 2014లో షార్లెట్ ఆ పేరుతో పాటు 2002 దాకా ఉన్న చరిత్రనూ వెనక్కి తెచ్చుకుంది.

కొన్ని పేర్లు మాత్రం వలసపోయి వింతగా మిగులుతాయి. లేకర్స్ అంటే సరస్సుల వాళ్లు. సరస్సులకు పేరుపడ్డ మిన్నెసోటాలో పుట్టిన ఆ జట్టు 1960లో లాస్ ఏంజెలెస్‌కు చేరింది. మన కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ పేరు ఈ విషయంలో మేలు. అందులో ఊరు లేదు, భాష ఉంది. విశాఖలో ఆడినా హైదరాబాద్‌లో ఆడినా అతికినట్టే ఉంటుంది.

ప్రశ్న: మా తెలుగువాళ్ల క్రికెట్ జట్టుకు 12 ఏళ్లు. సగం మంది సర్జాపూర్ వైపు ఇళ్లు మారారు, అదే పేరుతో అక్కడ జట్టు పెడతామంటున్నారు. పేరు ఎవరికి చెందాలి? గొడవ లేకుండా ఏం చేయాలి?
– ఒక కార్యదర్శి, యలహంక

జవాబు: పేరు గ్రౌండ్ దగ్గర ఉండిపోయినవాళ్లకే ఉండాలని మా అభిప్రాయం. లీగ్‌లో స్థానం, ఆదివారం గ్రౌండ్ బుకింగ్, చూసి నేర్చుకునే పిల్లలు అక్కడే ఉన్నారు. వెళ్లేవాళ్లు కొత్త పేరు పెట్టుకోవచ్చు. ఎవరి పరుగులు, వికెట్లు వాళ్లవే, అవి ఎక్కడికైనా వెంట వెళ్తాయి.

ముందు జట్టును సొసైటీగా రిజిస్టర్ చేయించండి. 1960 నాటి కర్ణాటక సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. ఇది చేయకుండా ట్రేడ్‌మార్క్‌కు వెళ్తే దరఖాస్తు ఎవరో ఒక సభ్యుడి సొంత పేరు మీద పడుతుంది. రేపు ఆయన అలిగి వెళ్తే పేరూ ఆయన వెంటే వెళ్తుంది. ఎక్కువ జట్లు దెబ్బతినేది ఇక్కడే.

ట్రేడ్‌మార్క్‌కు టీఎం-ఏ ఫారం. ఆటల నిర్వహణకు 41వ క్లాసు (సరుకులు, సేవల వర్గం), జెర్సీలకు 25వది. ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక 4 నెలల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే 10 ఏళ్లు, తర్వాత రెన్యువల్. పేటపేరు పక్కన క్రికెట్ క్లబ్ అని మాత్రమే ఉంటే అభ్యంతరం రావడం దాదాపు ఖాయం, కాబట్టి లోగోతో కలిపి వేయండి. 12 ఏళ్ల వాడుకకు రుజువులు జతచేయండి: టోర్నమెంట్ ఎంట్రీ రసీదులు, జెర్సీ బిల్లులు, తేదీ ఉన్న స్కోరుషీట్లు.

లోగో గీసింది స్నేహితుడైతే హక్కు ఆయనదే కావచ్చు. డబ్బిచ్చాం కదా అని ఊరుకోకండి, హక్కు బదిలీ చేస్తున్నట్టు సంతకంతో కాగితం కావాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే చట్టం 5 ఏళ్లకే లెక్కిస్తుంది. అందుకే కాపీరైట్ ఉన్నంతకాలం అని స్పష్టంగా రాయించండి.

విడిపోయే ఒప్పందం సీజన్ ముగిశాకే చేసుకోండి. మధ్యలో చేస్తే ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడుతుంది, పాయింట్లూ పోవచ్చు. ఫలానా తేదీ దాకా ఉన్న రికార్డులు పాత జట్టువని, ఆ తర్వాతివి ఎవరివి వాళ్లవని ఒక పేజీలో రాసి ఇరువైపులా ఇద్దరేసి సంతకాలు పెట్టండి. స్కోరింగ్ యాప్ అడ్మిన్ నంబరు, ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు ఎవరి చేతిలో ఉంటాయో కూడా అందులోనే రాయాలి. ఇవి మరిచిపోతే పాత స్కోర్లన్నీ వెళ్లిపోయినవాళ్ల ఫోన్‌లోనే ఉండిపోతాయి.

కప్పులు పాత జట్టు దగ్గరే ఉంచండి. వెళ్లేవాళ్లలో ఆ ఫైనల్ ఆడినవాళ్లుంటే పదకొండు మంది పేర్లూ, ఏడాదీ చెక్కించిన పలక ఒకటి వాళ్లకూ చేయించి ఇవ్వండి.