సమాధానం: ఆపరేషన్ అయిన 41వ రోజు గాయంలో చీము పడితే ఇన్ఫెక్షన్ రిజిస్టర్‌లో రాయాలా?

సిస్టర్ గారూ, మెష్ (వల లాంటి అతుకు) వేసిన హెర్నియా కేసులో 41వ రోజు చీము వచ్చిందని, "30 రోజులు దాటాయి కదా, రాయక్కర్లేదు" అని మీ సీనియర్ అన్నారని రాశారు. ఆవిడ చెప్పింది సగమే నిజం. రోజులు లెక్కపెట్టే ముందు చీము ఏ పొర నుంచి వచ్చిందో చూడాలి.

సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) నిర్వచనం ప్రకారం చర్మం, దాని కింది కొవ్వు వరకే ఉంటే అది పైపై ఇన్ఫెక్షన్. దానికి గడువు 30 రోజులే. ఫేషియా (కండరాన్ని కప్పే గట్టి పొర), కండరం దాకా దిగితే డీప్, ఇంకా లోపలికి వెళితే ఆర్గాన్ స్పేస్. హెర్నియాలో ఈ రెండింటికీ 90 రోజులు. ఆపరేషన్ రోజునే 1వ రోజుగా లెక్కపెట్టండి. 2013కి ముందు మెష్ లాంటివి వేస్తే ఏడాది పాటు చూసేవారు, పాత రిజిస్టర్లలో అందుకే ఆ లెక్క కనిపిస్తుంది.

కాబట్టి గాయం తెరిచిన సర్జన్‌నే అడగండి. ఫేషియా లేదా కండరం పొర నుంచి చీము వచ్చిందంటే డీప్ కిందే రాయాలి, కల్చర్ (చీములో ఏ క్రిమి ఉందో చూసే ల్యాబ్ పరీక్ష) రిపోర్ట్ కోసం ఆగనక్కర్లేదు. పైపైనే ఉందంటే మీ సీనియర్ మాటే కరెక్ట్. కుట్టు పడిన చోట మాత్రమే చిన్న చీము బొట్టు కనిపిస్తే అది అసలు లెక్కలోకే రాదు. మా వార్డులో మొదట్లో అవన్నీ రాసేసి నెలాఖరున అనవసరంగా టెన్షన్ పడ్డాం!

కేస్ షీట్‌లో ఒట్టి "పస్ ప్లస్" (చీము ఉంది) అని ఉంటే మాత్రం పొర పేరు రాయించుకోండి.