ఆ పెద్ద కుక్కను ఇంటికి తెచ్చే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. షెల్టర్‌లో ఉన్న ఆ షెపర్డ్ కుక్క మీ ఇద్దరికీ బాగా నచ్చిందని, వచ్చే వారమే ఇంటికి తెచ్చుకుంటామని అన్నావు. దిక్కులేని ప్రాణికి ఒక ఇల్లు ఇవ్వాలన్న ఆలోచన నాకెంత ఇష్టమో నీకు వేరే చెప్పక్కర్లేదు. నీ చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో రెస్క్యూ కుక్కలు వస్తూ పోతూనే ఉన్నాయి. అందుకే ఫోన్‌లో గబగబా చెప్పేసి ఊరుకోకుండా ఇంత వివరంగా రాస్తున్నాను. అల్లుడు కూడా చదవాలి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. చంటిది ఇప్పుడిప్పుడే పాకుతోంది. బుజ్జిగాడికి మూడేళ్లు. ఇలాంటప్పుడు గతం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియని 38 కిలోల కుక్కను తేవద్దు. పిల్లలు చెప్పిన మాట విని, గుర్తుపెట్టుకునే వయసు వచ్చేదాకా ఆగండి. అంతవరకు ఆగలేమంటే, చిన్నపిల్లలున్న ఇంట్లో ఫోస్టర్‌గా, అంటే సొంత ఇల్లు దొరికేదాకా తాత్కాలికంగా, కొన్ని నెలలు గడిపిన కుక్క కోసం వెతకండి. అలాంటి కుక్క గురించి చెప్పడానికి దానితో రోజూ బతికిన మనుషులు ఉంటారు. షెల్టర్‌లో అరగంట చూసి మనం ఊహించేదానికీ, వాళ్లు చెప్పేదానికీ చాలా తేడా ఉంటుంది.

"అది ఏమీ చెయ్యదు పిన్నీ, చాలా మంచిది" అన్నావు. మంచిదే అయి ఉంటుంది. పిల్లల్ని కరిచిన కుక్కల గురించి కూడా ఇంట్లో వాళ్లు ఆ మాటే అంటారు, నిజంగా నమ్మే అంటారు. ఇంట్లో పసిపిల్లలకు పడే కాట్లు చాలావరకు కుక్క వెంటపడి కరిచినవి కావు. పిల్లలే దాని దగ్గరికి వెళ్లినప్పుడు జరిగినవి. పడుకున్న కుక్క మీద వాలిపోతారు, తింటుంటే గిన్నెలో చెయ్యి పెడతారు, ప్రేమగా మెడ చుట్టూ చేతులు వేస్తారు. వాళ్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు చేతికో కాలికో పడే గాటు పిల్లలకు బుగ్గ మీద, పెదవి మీద, మెడ మీద పడుతుంది. చిన్న కుక్క కరిస్తే కుట్లతో పోవచ్చు. ఇంత పెద్ద దవడ ఒక్కసారి మూసుకుంటే ఏమవుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

షెపర్డ్‌లు పిల్లల్ని కాపాడతాయట అని కూడా అన్నావు. జాతిని చూసి నమ్మకూడదు, జాతిని చూసి భయపడనూ కూడదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే అని తేలింది. మీరు తెలుసుకోవాల్సింది ఈ ఒక్క కుక్క సంగతి. జాతి ఏదైనా బరువు మాత్రం బరువే. కోపం అక్కర్లేదు, ఆటలో భుజం తగిలినా బుజ్జిగాడు వెల్లకిలా పడతాడు, తల నేలకు తగులుతుంది.

ఇప్పుడు ఆ మూడో ఫొటో మళ్లీ తీసి పెద్దది చేసి చూడు. బుజ్జిగాడు దాని మెడ పట్టుకుని నవ్వుతున్నాడు. నీ కళ్లు వాడి మీదే ఉన్నట్టున్నాయి. వాణ్ని వదిలేసి కుక్కను చూడు. నోరు మూసుకుని ఉంది. తల అవతలికి తిప్పింది గానీ చూపు మాత్రం వాడి వైపే ఉంది, అందుకే కంటి మూలన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. నాలుక కొస ముక్కు మీద ఉంది. అది ఓర్చుకుంటోంది తల్లీ, "కొంచెం జరగరా" అని దానికి వచ్చిన భాషలో అడుగుతోంది. మనుషులకు కౌగిలి ప్రేమ. చాలా కుక్కలకు అది పారిపోయే దారి మూసేయడం.

కుక్కలు ఉన్నట్టుండి కరుస్తాయని అనుకుంటాం గానీ, చాలావరకు ముందే చెబుతాయి. నిద్ర రాకపోయినా ఆవలిస్తాయి, మూతి నాక్కుంటాయి, ముఖం తిప్పుకుంటాయి, లేచి పక్కకు వెళ్లిపోతాయి. అన్నిటికన్నా భయపడాల్సింది బిగుసుకుపోవడం. మా ఇంట్లో ఉన్న ఒక పెద్ద కుక్క టేబుల్ కింద ఎముక నములుతుంటే ఇంటికొచ్చిన పాప పాకుతూ అటు వెళ్లింది. కుక్క అరవలేదు, పళ్లు చూపించలేదు. నమలడం ఆపేసింది. తల ఎముక మీదే ఉంది, ఒళ్లంతా కొయ్యబారిపోయింది, ఊపిరి కూడా బిగపట్టినట్టు అనిపించింది. పాపను వెనక నుంచి ఎత్తేశాను. పక్కనే కూర్చుని కబుర్లాడుతున్న వాళ్లకు ఏం జరిగిందో అర్థమే కాలేదు, ఎందుకంటే చప్పుడేమీ రాలేదు. తోక ఊపుతోంది కదా అని కూడా ధీమా పడొద్దు. ఒళ్లు వదులుగా, నడుముతో సహా ఊగుతుంటే సంతోషం. తోక నిటారుగా లేచి బిర్రుగా చిన్నగా కదులుతుంటే అది వేరే సంగతి.

మూడేళ్ల పిల్లవాడికి ఇవేవీ తెలియవు, నేర్పినా దాన్ని నమ్ముకోలేం. నాలుగేళ్ల పిల్లల్లో కూడా చాలామంది పళ్లు బయటపెట్టిన కుక్కను చూసి నవ్వుతోందని అనుకుంటారు. కాబట్టి "వాడికి చెప్పాం, వాడు దాని జోలికి వెళ్లడు" అనేది లెక్కలోకి రాదు. చూడాల్సింది మీరిద్దరే.

ఒక మాట ఖాయంగా గుర్తుపెట్టుకోండి. కుక్క గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. అది చెప్పుకోవడానికి దానికి మిగిలిన గొంతు అదే. దెబ్బకు భయపడి గుర్రుమనడం మానేసిన కుక్కకు ఇష్టం లేనితనం ఎక్కడికీ పోదు, చెప్పడం మాత్రమే పోతుంది. పిల్లవాణ్ని అక్కణ్నుంచి తీసుకెళ్లి, ఎందుకు గుర్రుమందో ఆలోచించండి. కరెంట్ కాలర్లు, ముళ్ల కాలర్లు పెట్టమనే ట్రైనర్ ఎదురైతే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. నొప్పీ, పిల్లవాడూ ఒకేసారి కనిపిస్తే ఆ నొప్పి పిల్లవాడి వల్లే వచ్చిందని కుక్క నేర్చుకుంటుంది.

మీరు ఎలాగైనా తెస్తామంటే, ముందు షెల్టర్ వాళ్లను మొహమాటం లేకుండా అడగండి. దాన్ని ఎవరు, ఎందుకు వదిలేశారు? ఇంతకుముందు పిల్లలున్న ఇంట్లో ఉందా? తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది? ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, కరవబోయిందా? "తెలియదు" అంటే ఆ మాటను "లేదు" అని రాసుకోవద్దు. నేరుగా అడాప్షన్ కాగితాల మీద సంతకం పెట్టకుండా, మొదట ఫోస్టర్‌గా తీసుకుంటామని అడగండి. వెటర్నరీ డాక్టర్‌తో కీళ్లు, పళ్లు, చెవులు చూపించండి. పెద్ద కుక్కల్లో తుంటి నొప్పి చాలా మామూలు. నొప్పి ఉన్న కుక్క ముట్టుకుంటే కసురుతుంది. రేబీస్ టీకా, నులిపురుగుల మందు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. కుక్క పేగుల్లోని కొన్ని పురుగుల గుడ్లు మట్టిలో చేరి, మట్టి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల ఒంట్లోకి వెళ్తాయి.

తెచ్చిన మొదటి రోజుల్లో అది ఎంత నెమ్మదిగా ఉన్నా మురిసిపోకండి. బెదిరిన కుక్క నోరెత్తదు. మూడు రోజులు బెదురు, మూడు వారాలు కొత్త ఇంటి పద్ధతి పట్టుకోవడం, మూడు నెలలకు అసలు స్వభావం అని ఈ పని చేసేవాళ్లు ఉజ్జాయింపుగా చెబుతారు. నేను చూసిన చాలా కుక్కల్లో ఆ లెక్క సరిపోయింది. దానికి కుదురుకున్న ధైర్యం వచ్చాకే తన గిన్నె, తన పరుపు, తన మనిషి అనే పట్టింపు బయటపడుతుంది. ఇంకా రెండేళ్లు నిండని పెద్ద కుక్కైతే అది ఇంకా ఎదుగుతున్న కుర్రదే, స్వభావం మరికొంత మారుతుంది. అందుకే గేట్లు తీసేయడానికి తొందర వద్దు.

గేట్ల సంగతే ఈ ఉత్తరంలో ముఖ్యమైనది. గోడకు మరలతో బిగించే ఎత్తైన గేటు పెట్టించండి, ఊరికే ఆనించి నిలబెట్టేది ఈ బరువుకు ఆగదు. కుక్కకు ఒక గది గానీ మూల గానీ ఇవ్వండి, పిల్లలు ఎప్పటికీ అందులోకి అడుగుపెట్టకూడదు. దాని తిండి, ఎముకలు, నిద్ర అన్నీ అక్కడే. చంటిది నేల మీద ఉన్నంతసేపూ కుక్క గేటు అవతలే ఉండాలి. ఒకే గదిలో ఉంటే మీలో ఒకరు ఇద్దరికీ మధ్య, చెయ్యి చాచితే అందేంత దగ్గరలో కూర్చోవాలి. వంట చేస్తూ ఓ కంట చూడటం, ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చోవడం కాపలా కిందికి రావు. కాటు పడటానికి రెప్పపాటు చాలు. కాలింగ్ బెల్ మోగినా, స్నానానికి వెళ్లాలన్నా, నీకు బాగా అలసటగా ఉన్నా ఏమీ ఆలోచించకుండా గేటు వేసెయ్. పిల్లలు కేకలేస్తూ పరిగెత్తే ఆటలు దాని ఎదురుగా వద్దు, పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం. బుజ్జిగాడి చేతికి గొలుసు ఇచ్చి ఫొటోలు తీయొద్దు. మూతికి వేసే బుట్టను, తినే వస్తువు ఎర వేసి, నెమ్మదిగా ముందే అలవాటు చెయ్యండి. అది శిక్ష కాదు, డాక్టర్ దగ్గరకైనా పనికొస్తుంది.

వాడు దాన్ని నిమరాలంటే, కుక్క తనంతట తాను దగ్గరికి రావాలి. నీ చెయ్యి వాడి చేతి మీద పెట్టి భుజం దగ్గర రెండు మూడు సెకన్లు నిమిరి ఆపేయించు. మళ్లీ ఆనుకుంటే ఇంకోసారి. కదిలి వెళ్లిపోతే ఆట అయిపోయినట్టే.

ఎంత జాగ్రత్తపడినా పన్ను గాటు పడితే, కుక్కకు టీకా వేయించామని ఇంట్లో కూర్చోవద్దు. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఇంటి వైద్యం ఏదీ పూయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోగా రేబీస్‌ను అడ్డుకునే మందు) కూడా అవసరం కావచ్చు, నోరు తెరిచి అడగండి. కుక్కను 10 రోజులు గమనించాలంటారు, కానీ ఆ పది రోజులు చూసి అప్పుడు ఇంజెక్షన్ వేయిద్దాం అనుకోకూడదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం.

మీకు కుదరదని తెలిస్తే దాన్ని తిరిగి ఇవ్వడానికి సిగ్గుపడకు. ఎవరేమనుకుంటారో అని పిల్లవాడి పక్కన టెన్షన్ పడుతూ ఆ కుక్కను ఉంచడం ఇద్దరికీ అన్యాయం. ఒక్కసారి కరిస్తే ఆ కుక్కకు ఇక వేరే ఇల్లు దొరకడం చాలా కష్టం. కరవకముందు, ఫలానా ఫలానా విషయాల్లో ఇబ్బంది పడుతుందని నిజం చెప్పి ఇస్తే, పిల్లలు లేని ఇంట్లో అది హాయిగా బతుకుతుంది.

షెల్టర్ వాళ్లు నీ ప్రశ్నలకు ఏమన్నారో ఫోన్ చేసి చెప్పు. నిర్ణయం మాత్రం అదయ్యాకే తీసుకోండి.

ప్రేమతో,
పిన్ని