మా అమ్మాయి ఫైటర్ పైలట్ అయితే ఆ ఇబ్బంది వస్తుందా?

ప్రశ్న: మాది అల్వాల్. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి ఫైటర్ పైలట్ అవుతానంటోంది. ఆ వేగానికి ఆడవాళ్లకు మూత్రం అదుపు తప్పుతుందని బంధువులు అంటున్నారు. రెండో కాన్పు నుంచి నాకు తుమ్మినా దగ్గినా ఆ ఇబ్బంది ఉంది. అది దానికి రాకూడదు. ఎయిర్‌లైన్ పైలట్ కోర్సులో చేర్పిస్తే మేలా?

జవాబు: అమ్మా, కూతురిని వైమానిక దళానికి పంపడానికి జంకే తల్లులు ఎత్తు గురించో, కళ్లజోడు గురించో, పెళ్లి గురించో అడుగుతుంటారు. మీరు మీ ఒంటి బాధ నుంచి అడిగారు. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

ఫైటర్ విమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు 9 జీ దాకా, అంటే భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల దాకా భారం పడుతుంది. 55 కిలోల అమ్మాయి దాదాపు 500 కిలోలు తూగుతున్నట్లు సీటుకు అదుముకుపోతుంది. రక్తం కాళ్లలోకి దిగి చూపు మసకబారుతుంది, స్పృహ కూడా తప్పవచ్చు. అసలు ప్రమాదం ఇదే, మగవాళ్లకూ ఇదే. దీన్ని తట్టుకోవడానికి కాళ్లు, పిరుదులు, పొట్ట బిగించి, ఊపిరి బిగపట్టి, మూడేసి సెకన్లకోసారి గాలి మార్చుకోవడం నేర్పుతారు. పొట్టను, కాళ్లను నొక్కిపట్టే జీ సూటూ ఉంటుంది. పొట్టలో అంత ఒత్తిడి పెరిగితే మూత్రాశయాన్ని మోసే కటి కండరాలపై భారం పడదా అన్న అనుమానం సహజమే. కానీ అమెరికా వైమానిక దళ మహిళా సిబ్బందిపై 1999లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి విమానాలు నడపడం వల్ల ఈ సమస్య పెరిగినట్లు కనిపించలేదు. కాన్పులు, వయసు దీనికి పెద్ద కారణాలు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది నీళ్లు తాగకపోవడం. విమానంలో మూత్ర విసర్జన ఏర్పాట్లు చాలాకాలం మగవాళ్లకు తగినట్లే ఉండటంతో, మహిళా పైలట్లు దాహాన్ని అణచుకుని ఎక్కేవారు. ఒంట్లో నీరు తగ్గితే జీని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. మన కాలేజీల్లో మరుగుదొడ్లకు జడిసి ఆడపిల్లలు చేస్తున్నదీ అదే. మీ అమ్మాయి నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వస్తోందేమో ఎప్పుడైనా చూశారా?

ఎయిర్‌లైన్ పైలట్‌కు ఈ జీ బాధ ఉండదు, నిజమే. అయినా ఆ కోర్సు పేరు వింటే నాకు గుబులే. ఖర్చు అర కోటి దాటిపోతుంది. 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకుని ఏళ్ల తరబడి ఉద్యోగం కోసం ఎదురుచూసిన పిల్లలను, ఫ్లాటు తాకట్టు పెట్టిన తండ్రులను చూశాను. కంపెనీలు వందల విమానాలు కొంటున్నాయన్న వార్త చదివి అప్పు చేయకండి. పిల్ల అడగని కోర్సుకు అంత డబ్బు పోయడానికి సిద్ధపడ్డారు. అది అడిగిన దారి గురించి మాత్రం బంధువుల మాటతో సరిపెట్టుకున్నారు. ఇది తప్పమ్మా. 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియమితులైంది మన దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలోనే. అక్కడ శిక్షణకు మీరు రూపాయి కట్టనక్కరలేదు. ఎంపిక కష్టమే. ఎంపికైనా ప్రతిభను బట్టి రవాణా విమానాలో, హెలికాప్టర్లో కేటాయించవచ్చు. ఆ విషయం అప్పుడు చూసుకోవచ్చు.

ఇక మీ సంగతి. రెండో కాన్పు నుంచి ఇన్నేళ్లు ఎందుకు ఓర్చుకున్నారు? కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం సరిగ్గా నేర్చుకుని కొన్ని నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఈ వారమే స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరకు వెళ్లండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లి, జీ గురించి దాన్నే అడగనివ్వండి.